సోవెటో పేట పుట్టుక

దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గు నగరమునకు నైరుతి దిక్కున సోవెటో అను పెద్ద పేట కలదు. 1976 జూన్ 16న నల్లజాతి విద్యార్థులు తమపై రుద్దబడిన ఆఫ్రికాన్స్ భాషను ధిక్కరించి వీథులకెక్కినది ఇచ్చటనే. నెల్సన్ మండేలా ఇల్లును ఇచ్చటనే యున్నది. ఇట్టి పేట యొక్క తొలిచరిత్రలో మన భారతీయుల కథ ఇమిడియున్నది.

1886లో విట్‌వాటర్స్‌రాండు ప్రాంతమున బంగారము బయల్పడగా గడ్డిబీడు కొలది యేండ్లలో నగరమయ్యెను. నేటాలు చెఱకుతోటల యొడంబడిక తీరిన భారతీయులు పలువురు అచ్చటికి చేరిరి. 1860 మొదలు మద్రాసు రేవున ఓడయెక్కిన యా కూలీలలో తెలుగువారును కలరు. నగరమున వారికి వేఱుగా చూపిన చోటునకు ‘కూలీ లొకేషన్’ అని పేరు. కూలీయైనను వర్తకుడైనను అందఱికిని అదే మాట! మొదట 99 ఏండ్ల కౌలుపై స్థలములిచ్చిరి. తరువాత నగరసభ వానిని స్వాధీనపఱచుకొనెను గాని వేఱు స్థలము చూపలేదు. నిన్నటి హక్కుదారులు బాడుగదారులైరి. బాడుగ సభకు ముట్టుచుండెను. మురుగు తీయువారు మాత్రము లేరు. రోగము ప్రబలగలదని గాంధీజీ 1904 ఫిబ్రవరిలో ఆరోగ్యాధికారికి జాబు వ్రాసెను.

మార్చి నెలలో ప్లేగు రానే వచ్చెను. అది పుట్టినది పేటలో గాదు, బంగారపు గనిలో నని గాంధీజీ ఆత్మకథ స్పష్టముగ చెప్పుచున్నది. ఆ గనిలో పనిచేయు భారతీయులు 23 మంది ఒక సాయంకాలము జబ్బుతో పేటకు చేరిరి. ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికకు చందాదారులను కూర్చుటకై వచ్చిన మదనజిత్ అను నాతడు, అనుమతికై వేచియుండక, ఖాళీ యింటి తాళము పగులగొట్టి వారినందు చేర్చెను. ఆ సాహసము మెచ్చదగినది. రోగులలో ఇద్దరే బ్రతికిరి. ఉపచారము చేయవచ్చిన నర్సును అదే రోగమునకు బలియయ్యెను.

పిమ్మట పేటను ఖాళీచేయించి తగులబెట్టిరి. బ్యాంకు ఎఱుగని జనము నేలలో పాతుకొనిన వెండి, రాగి నాణెములను త్రవ్వితెచ్చి గాంధీజీ చేతికిచ్చిరి. రోగక్రిములు చచ్చునట్లు శుద్ధిచేసి వానిని బ్యాంకున జమకట్టిరి. మొత్తము దాదాపు 60,000 పౌనులు! పద్దు వ్రాయువారికి గాని ఆ చిల్లర లెక్కించుటలోని శ్రమ తెలియదు.

జనమును రైలులో 13 మైళ్ల దూరమున, నగరపు మురుగు పారెడి పొలము చెంతనున్న క్లిప్‌స్ప్రూటునకు తరలించిరి. మూడు వారములు గుడారములే ఇండ్లు. భారతీయులలో పెక్కుమంది తిరిగి నగరము చేరిరి. వారితోపాటు తరలింపబడిన నల్లజాతివారికి మాత్రము అదియే శాశ్వతనివాసమని అధికారులు నిర్ణయించిరి. గనులకు, ఇండ్లకు వారి చాకిరి కావలెను. వారి కాపురము కంటబడరాదు. ప్లేగు అందులకు నెపమయ్యెను. తగులబెట్టిన చోట న్యూటౌన్ అను క్రొత్త పేట లేచెను.

క్లిప్‌స్ప్రూటు వసతికి 1934లో పిమ్‌విల్ అని పేరిడిరి. అప్పటికే దాని చేరువ ఓర్లాండో పేట వెలసియుండెను. మఱికొన్ని పేటలు కూడగా, ‘సౌత్ వెస్టర్న్ టౌన్‌షిప్స్’ అను మాటల మొదటి యక్షరములు చేర్చి 1963లో సోవెటో అను పేరు ఖాయపఱచిరి.