పిల్లలకు బండి తాళం ఇస్తున్నారా? తిరుపతి, చిత్తూరు తల్లిదండ్రులు ముందుగా తెలుసుకోవాల్సినవి ఇవీ..

పదో తరగతి పాసై ఇంటర్‌లో చేరగానే చాలా ఇళ్లలో మొదలయ్యే మాట ఒకటుంది. ‘కాలేజీ దూరం. టైముకు బస్సు ఉండదు. బండి కావాలి.’ తిరుపతిలో చంద్రగిరి, రేణిగుంట, పుత్తూరు వైపు వెళ్లే పిల్లలైనా, చిత్తూరులో పూతలపట్టు, బంగారుపాళెం మార్గంలో తిరిగే పిల్లలైనా హైవే ఎక్కక తప్పదు. ‘దగ్గరే కదా, మెల్లగా వెళ్లమన్నాంలే’ అనుకుంటూ నాన్న తన స్కూటర్ తాళం ఇచ్చేస్తారు.

ఆ తాళం ఇచ్చే ముందు మీరు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. చట్టం ఏం చెబుతోంది? ప్రమాదం జరిగితే బీమా వస్తుందా? మన రోడ్లపై పిల్లలకు ముందుగా ఏం నేర్పాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఏ వయసుకు ఏ బండి?

మోటారు వాహనాల చట్టం–1988 ప్రకారం 18 ఏళ్లు నిండితేనే బైక్, స్కూటర్, కారు నడపాలి. 16 ఏళ్లు నిండిన వారికి ఒక మినహాయింపు ఉంది. తల్లిదండ్రుల అంగీకారంతో, లైసెన్సు తీసుకుని, 50 సీసీ మించని బండి నడపొచ్చు. ఇక్కడే చాలామంది పొరపడుతున్నారు. గేర్లు లేని స్కూటర్ అయితే చాలనుకుంటారు. కానీ ఇప్పుడు మన ఇళ్లలో ఉన్న స్కూటర్లు ఎక్కువగా 110, 125 సీసీవి. గేర్లు లేకపోయినా అవి ఈ మినహాయింపు కిందకు రావు.

ఎలక్ట్రిక్ బండ్ల విషయంలోనూ ఇలాంటి అపోహే ఉంది. మోటారు శక్తి 250 వాట్లలోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కి.మీ.లోపు ఉన్న వాటికి మాత్రమే లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అంతకు మించితే పెట్రోలు బండికి ఉన్న నిబంధనలే వర్తిస్తాయి.

మైనర్ నడిపితే శిక్ష ఎవరికి?

మీకే. 2019లో చేసిన సవరణతో చట్టంలో 199ఎ సెక్షన్ చేరింది. మైనర్ బండి నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకుడిని లేదా వాహన యజమానిని దోషిగా పరిగణిస్తారు. మూడేళ్ల వరకు జైలు, రూ.25 వేల జరిమానా పడొచ్చు. బండి రిజిస్ట్రేషన్‌ను 12 నెలల పాటు రద్దు చేస్తారు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చే వరకు లైసెన్సు ఇవ్వరు. డిగ్రీ పూర్తయి ఉద్యోగంలో చేరాక కూడా బండి నడపలేడన్న మాట.

‘నాకు తెలియకుండా తీసుకెళ్లాడు’ అంటే సరిపోదా? మీకు తెలియదని గానీ, ఆపేందుకు మీ వంతు ప్రయత్నం చేశారని గానీ మీరే కోర్టులో రుజువు చేసుకోవాలి. అప్పటివరకు మీ అంగీకారంతోనే నడిపాడని కోర్టు భావిస్తుంది. తాళం గోడకు వేలాడుతూ, ఎవరు కావాలంటే వారు తీసుకునేలా ఉంటే ఆ వాదన నిలబడటం కష్టం. బండి బాబాయిదైనా, పక్కింటి వారిదైనా ఇదే వర్తిస్తుంది.

బీమా డబ్బులు వస్తాయా?

ఈ సంగతి ప్రమాదం జరిగాకే చాలామందికి తెలుస్తోంది. లైసెన్సు లేనివారు నడుపుతుండగా బండి దెబ్బతింటే బీమా కంపెనీ క్లెయిమును తిరస్కరించొచ్చు. ఎదుటి వ్యక్తి గాయపడినా, చనిపోయినా కోర్టు ఆదేశిస్తే కంపెనీ ముందుగా పరిహారం చెల్లించి, తర్వాత ఆ మొత్తాన్ని బండి యజమాని నుంచి రాబట్టుకుంటుంది. అంటే లక్షల రూపాయల భారం ఇంటి మీద పడుతుంది. యజమానికి ఉండే రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమాకు కూడా చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాల్సిందే.

ఎల్ఎల్ఆర్ వస్తే చాలా?

చాలదు. 18 ఏళ్లు నిండాక పరివాహన్ సారథి పోర్టల్‌లో లెర్నర్ లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఇది ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తర్వాత డ్రైవింగ్ పరీక్షకు వెళ్లొచ్చు. ఈలోగా బండికి ముందూ వెనుకా తెల్లని పలకపై ఎర్రటి ‘ఎల్’ అక్షరం ఉండాలి. నేర్పించే వ్యక్తిని తప్ప వేరెవరినీ వెనుక కూర్చోబెట్టుకోకూడదు. ఎల్ఎల్ఆర్‌తో స్నేహితుడిని ఎక్కించుకుని కాలేజీకి వెళ్లడమూ ఉల్లంఘనే.

ఆ నెల రోజులను పరీక్ష తేదీ కోసం ఎదురుచూపుగా కాకుండా శిక్షణగా వాడుకోండి. మొదట ఖాళీ మైదానంలో, తర్వాత కాలనీ రోడ్లలో, చివరగా హైవే మీద, మీరు వెంట ఉండి నేర్పించండి. రాత్రి పూట, వానలో నడపడం అన్నిటికన్నా చివరన.

వేగంతో మిగిలేది ఎంత?

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వీరిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై వెళ్తున్నవారే. 71.2 శాతం మరణాలకు అతివేగమే కారణం. మృతుల్లో మూడింట రెండొంతుల మంది 18–45 ఏళ్ల మధ్య వయసువారు.

వేగం గురించి పిల్లలకు చెప్పడానికి మనకు ఇంటి దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. తిరుమల ఘాట్ రోడ్డులో అలిపిరి నుంచి కొండపైకి కనీసం 28 నిమిషాలు, కిందికి దిగేటప్పుడు 40 నిమిషాలు పట్టాలనే నిబంధన పెట్టారు. సుమారు 18 కి.మీ. దారి కాబట్టి సగటు వేగం ఎక్కేటప్పుడు 39, దిగేటప్పుడు 27 కి.మీ. దాటదు. మధ్యలో ఎంత దూకుడుగా వెళ్లినా ముందుగా చేరితే చిక్కుతారు. అందుకే అక్కడ తొందరపడి లాభం లేదని డ్రైవర్లందరికీ తెలుసు.

కింద రోడ్డు మీద లాభం ఉందా? కాలేజీ 12 కి.మీ. దూరంలో ఉందనుకోండి. 60 వేగంతో వెళ్తే 12 నిమిషాలు, 80తో వెళ్తే 9 నిమిషాలు. మిగిలేది మూడు నిమిషాలు. కానీ 80 వేగంలో బ్రేకు వేశాక బండి ఆగడానికి పట్టే దూరం 60లో కన్నా దాదాపు 1.8 రెట్లు ఎక్కువ.

ఫోన్ సంగతి కూడా ఇలాగే లెక్క వేసి చూపించండి. 60 వేగంతో వెళ్తూ మూడు సెకన్లు మెసేజ్ చూస్తే, ఆ కాస్త సమయంలో బండి 50 మీటర్లు వెళ్లిపోతుంది. అంత దూరం రోడ్డు చూడకుండా నడిపినట్టే.

హెల్మెట్ కొనేటప్పుడు, పెట్టుకునేటప్పుడు

2022లో హెల్మెట్ లేక 50,029 మంది చనిపోయారు. వీరిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. కాబట్టి రెండు హెల్మెట్లు కొనండి. ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఆ గుర్తు లేని హెల్మెట్లు అమ్మడంపై 2021 జూన్ నుంచి నిషేధం ఉంది. గడ్డం కింద పట్టీ బిగించకపోతే బండి పడగానే హెల్మెట్ ఊడిపోతుంది. చట్టం కూడా పట్టీ బిగించి పెట్టుకోవాలనే చెబుతోంది. హెల్మెట్ లేకపోయినా, ముగ్గురు ఎక్కినా కేంద్ర చట్టం ప్రకారం రూ.1,000 జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సుపై అనర్హత వేటు పడుతుంది.

మన రోడ్లపై ఈ జాగ్రత్తలు మరవొద్దు

* తిరుపతి చుట్టుపక్కల రోడ్లపై దారి తెలియని యాత్రికుల వాహనాలు ఎక్కువ. హఠాత్తుగా ఆగుతాయి, మలుపు తిరుగుతాయి. రాత్రంతా నడిపిన డ్రైవర్లు తెల్లవారుజామున కునుకు తీసే ప్రమాదం ఉంది. ముందు వాహనానికి దూరం పాటించాలి.
* తిరుమలకు నడిచి వచ్చే భక్తులు చీకట్లోనూ హైవే అంచున వెళ్తుంటారు. ఎడమ అంచున వేగంగా దూసుకెళ్లొద్దు.
* మామిడి సీజన్‌లో బంగారుపాళెం, దామలచెరువు వైపు కాయల ట్రాక్టర్ల రద్దీ ఉంటుంది. వెనుక లైట్లు లేనివి దగ్గరికొచ్చే వరకు కనబడవు.
* ఘాట్‌లలో మలుపు దగ్గర ఓవర్‌టేక్ చేయొద్దు. 2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో నిశ్చితార్థానికి వెళ్తున్న బృందం బస్సు లోయలో పడింది. 2024 సెప్టెంబరులో మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సు, లారీలు ఢీకొన్నాయి. రెండు చోట్లా పలువురు ప్రాణాలు కోల్పోయారు. అంత పెద్ద వాహనాలే అదుపు తప్పే దారిలో బైక్‌కు రక్షణేముంటుంది?

ప్రమాదం జరిగితే ఏం చేయాలి?

అంబులెన్సుకు 108, పోలీసులకు 112, జాతీయ రహదారిపై అయితే 1033కు ఫోన్ చేయాలి. మొదటి గంట చాలా కీలకం. 2025 మేలో అమల్లోకి వచ్చిన కేంద్ర పథకం కింద, ప్రమాద తేదీ నుంచి ఏడు రోజుల వరకు, నిర్దేశిత ఆసుపత్రుల్లో ఒక్కొక్కరికి రూ.1.5 లక్షల దాకా నగదు రహిత చికిత్స అందుతుంది.

పోలీసు కేసులో ఇరుక్కుంటామని క్షతగాత్రులను వదిలేసి వెళ్లొద్దని పిల్లలకు చెప్పండి. సాయం చేసినవారికి 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తోంది. మీ పేరు, వివరాలు చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదు.

చివరగా.. తాళం ఇచ్చే ముందు

వయసు, లైసెన్సు, బీమా, రెండు హెల్మెట్లు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లేకపోయినా తాళం మీ దగ్గరే ఉంచుకోండి. బస్ పాస్ తీసివ్వండి, లేదా మీరే దింపి రండి. ఒకటి రెండేళ్లు ఇబ్బందే. పిల్లలు అలుగుతారు కూడా. అయినా సరే, అలిగినవాడు సాయంత్రానికి క్షేమంగా ఇంటికి వస్తాడు.

మరో మాట. మీరు హెల్మెట్‌ను హ్యాండిల్‌కు తగిలించుకుని, రాంగ్ రూట్‌లో వెళ్తూ పిల్లలకు జాగ్రత్తలు చెబితే వాళ్లు వినరు. వాళ్లు చిన్నప్పటి నుంచి మీ వెనుక కూర్చుని చూసిందే నేర్చుకుంటారు.