ఈరు, పేను: ఇంటి చరిత్రకు పదసాక్ష్యం

కుటుంబ జీవన చరిత్రకు శాసనాలు, కావ్యాలతో పాటు నిత్యవ్యవహారంలోని పదాలూ ఆధారాలే. తలలో చేరే కీటకానికి తెలుగులో ‘పేను’, తమిళంలో ‘పేన్’, కన్నడంలో ‘హేను’ అని పేర్లు. కన్నడంలో పదాది పకారం హకారమవడం తరువాతి పరిణామం. అక్కడి ప్రాచీన రూపమూ ‘పేన్’. దాని గుడ్డు తెలుగులో ‘ఈరు’ లేదా ‘ఈపి’, తమిళంలో ‘ఈర్’. ఈ రెండు పదాలూ ఈ భాషలు వేరుపడకముందటివని భావించవచ్చు.

కీటకానికి, గుడ్డుకు వేర్వేరు పేర్లుండటం అనుభవజ్ఞానానికి గుర్తు. వెంట్రుకకు అతుక్కున్న ఈరు నుండి వారం, పది రోజులలో పిల్లపేను వెలువడుతుంది. అందుచేత పేలను మాత్రమే తీస్తే బాధ తీరదు. సన్నని పళ్ల దువ్వెనకు ‘ఈరుపెన’ అని గుడ్డు పేరిట వ్యవహారం ఏర్పడటం ఈ ఎరుకనే సూచిస్తుంది. తలకు తల తాకితే పేలు ప్రాకుతాయి గనుక ఇంటిల్లిపాది తలలూ చూడవలసి ఉంటుంది.

‘పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందట’ అనే సామెతను అధికార విమర్శగా గ్రహించడం పరిపాటి. ఆ ఉపమానానికి బలమిచ్చినది మాత్రం ఇంటి అనుభవమే. పిల్లల తలలు ఒడిలో పెట్టుకొని పేలు చూసిన తల్లుల, అమ్మమ్మల శ్రమకు సాహిత్యచరిత్ర రచనలో చోటు స్వల్పం; నిఘంటువుల ఆరోపాలలో అది నిలిచి ఉంది.