పది రోజుల యూరప్, మన సాంచెల పుట్టిల్లు



పోయిన మీటింగులో యూరప్ ట్రిప్ మాట వచ్చింది. ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన కాగితం అందరి చేతులూ తిరిగింది. పది రోజులు, ఏడు దేశాలు. పొద్దున ఒక దేశంలో టిఫిను, రాత్రి ఇంకో దేశంలో భోజనం. మధ్యలో ఎనిమిది గంటలు బస్సులో నిద్ర. ఆ కాగితం చదివాక మనలో ఒక పెద్దాయన అన్న మాట అందరికీ గుర్తుండే ఉంటుంది: "ఇంత డబ్బు పెట్టి బస్సు కిటికీలోంచి చూసేదానికి, వరాలాదేవి చెరువు గట్టు మీద కూర్చుని టీవీలో చూడొచ్చు గదరా!" అందరం నవ్వాం. ఆ నవ్వు తర్వాతే అసలు ప్రశ్న మొదలైంది. మనం అక్కడికి పోతే ఏం చూడాలి?

అందుకని మేం నలుగురం కూర్చుని వేరే దారి గీశాం. దేశాలు మూడే. ఇంగ్లండు, బెల్జియం, ఫ్రాన్స్. ఈ మూడింట్లో మన చేతి పనికి సంబంధించిన ఊళ్లు మాత్రమే. ఎందుకు ఆ ఊళ్లో చెప్పడానికే ఈ పొడుగాటి పోస్టు. తీరిగ్గా చదవండి.

మొదట మన సంగతి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి మన తాతలు షోలాపూర్, బొంబాయి, భివండి దారి పట్టారు. ఊళ్లో ఇప్పటికీ "బీమండి పోయిండు" అనే అంటారు. చేతి మగ్గం మీద పొట్ట నిండక, కరెంటు మగ్గం ఉన్న చోటికి వచ్చాం. ఆ కరెంటు మగ్గాన్నే మనం సాంచె అంటాం. బొంబాయి మిల్లులు తీసేసిన పాత సాంచెలు భివండి షెడ్లలోకి వచ్చాయి. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగాక, మిల్లు నేసే బట్ట భివండి నేసింది. మన ఇళ్లలో చాలా వాటికి ఆ రోజుల్లోనే స్లాబు పడింది. పరేల్‌లో ఎవరి ఇల్లు కూలిందో అప్పుడు మనం పెద్దగా అడగలేదు. ఇది కూడా చెప్పుకోవాలి.

మరి ఆ సాంచె ఎక్కడ పుట్టింది? మాంచెస్టర్ చుట్టుపక్కల, లాంకషైర్ అనే జిల్లాలో. బరీ ఊరివాడు జాన్ కే 1733లో తాడు లాగితే అటూ ఇటూ పరుగెత్తే నాడెను తయారు చేశాడు. అంతకుముందు నాడెను ఒక చేత్తో విసిరి ఇంకో చేత్తో పట్టుకోవాలి. ఆ నాడెను అందరూ వాడుకున్నారు, డబ్బులు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఆయన చివరికి ఫ్రాన్స్ పోయి అక్కడే పోయాడు. 1785లో కార్ట్‌రైట్ అనే పాదిరీ మరమగ్గానికి మొదటి పేటెంటు తీసుకున్నాడు. అది సరిగా నడవలేదు. ఆయన మగ్గాలు పెట్టిన మాంచెస్టర్ కార్ఖానా 1792లో తగలబడింది. 1842లో బ్లాక్‌బర్న్‌కు చెందిన కెన్‌వర్తీ, బులో అనే ఇద్దరు చేసిన మార్పులతో లాంకషైర్ లూమ్ వచ్చింది. పేక తెగితే సాంచె దానంతట అదే ఆగిపోవడం ఆ రోజుల్లో కుదిరిన సంగతే. మన షెడ్డులో పిల్లవాడికి మొట్టమొదట నేర్పే పాఠం కూడా అదే కదా, పేక ఫోర్కు చూసుకోవడం! దాదాపు 180 ఏళ్ల కింద బ్లాక్‌బర్న్‌లో కుదిరిన ఏర్పాటు, ఇవాళ్టికీ కామత్‌ఘర్‌లో టకటకలాడుతోంది.

అక్కడి చేతి మగ్గం వాళ్ల గతి ఏమైందో వింటే మన తాతల కథ విన్నట్టే ఉంటుంది. 1820ల్లో బ్రిటన్‌లో చేతి మగ్గం మీద నూలు బట్ట నేసేవాళ్లు రెండు లక్షలకు పైనే. ఒక్క తరం తిరిగేసరికి పిడికెడు మంది మిగిలారు. 1826 ఏప్రిల్‌లో ఆకలికి ఆగలేక గుంపులు గుంపులుగా మిల్లుల మీద పడి వెయ్యికి పైగా మరమగ్గాలు పగలగొట్టారు. చాటర్టన్ అనే చోట సైన్యం కాల్చింది, ఆరుగురు పోయారు. మాంచెస్టర్ మిల్లు బట్ట మన మగ్గాన్ని చంపింది అని చిన్నప్పటి నుంచి విన్నాం. అది నిజం. అయితే ఆ మిల్లు మొదట చంపింది పక్కింటి మగ్గాన్నే.

ఆ మిల్లు బట్టకు ముందు లెక్క తిరగబడి ఉండేది. మచిలీపట్నంలో డచ్చివాళ్లు 1605లోనే వ్యాపార కొఠీ పెట్టుకున్నది మన తీరపు అద్దకం బట్ట కోసం. చిరివేరు ఎరుపు ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. ఆ సంగతి యూరప్ వాళ్లకు అప్పటికి చేతకాలేదు. అక్కడి ఆడవాళ్లు ఆ బట్టకు ఎంతగా అలవాటు పడ్డారంటే, ఫ్రాన్స్ ప్రభుత్వం 1686 నుంచి 1759 దాకా దాన్ని నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒకటి, 1721లో ఇంకొకటి చట్టాలు చేసింది. తమ నేతగాళ్లను కాపాడుకోవడానికి మన బట్టను ఆపారు. తర్వాత వందేళ్లకు మన నేతగాణ్ని కాపాడేవాడు లేని రోజుల్లో వాళ్ల బట్ట మన మీదికి వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్ కూడా పోదామని మాకు ఉండేది. పది రోజుల్లో కుదరదు. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం సేకరణలో కోరమాండల్ తీరం అద్దకాలు ఉన్నాయి, టికెట్టు కూడా లేదు, దానితో సరిపెట్టుకుందాం.

ఇక ముఖ్యమైన ఊరు బర్న్‌లీ. ఈ ఊరి కోసం రెండు రోజులైనా ఇవ్వాలని మేం పట్టుబడుతున్నాం. 1910ల నాటికి ఆ ఒక్క ఊళ్లో దాదాపు లక్ష సాంచెలు ఉండేవట. లక్ష అంటే ఎంతో, ఎంత చప్పుడో భివండివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఊరి అంచున హార్ల్ సైక్ అనే చోట క్వీన్ స్ట్రీట్ మిల్లు ఉంది, 1894లో కట్టింది. ఒక సేటు కట్టింది కాదు. ఆ ఊరి జనమే వాటాలు వేసుకుని కట్టుకున్నారు. ఆవిరి ఇంజనుతో తిరిగే సాంచెలు అక్కడ 1982 దాకా నడిచాయి. అదే 1982. అక్కడ ఆఖరి షెడ్డు ఆగిన ఏడాదే ఇక్కడ బొంబాయి మిల్లులు ఆగాయి, మన షెడ్లు నిండాయి.

ఆగిన తర్వాత వాళ్లు చేసిన పని మాకు నచ్చింది. సుమారు మూడు వందల సాంచెలతో షెడ్డును షెడ్డులాగే ఉంచి మ్యూజియం చేశారు. 2016లో డబ్బులు లేవని కౌన్సిలు మూసేస్తే, మళ్లీ తెరిపించుకున్నారు. ఏడాది పొడుగునా తెరిచి ఉండదు, ఎండాకాలం నెలల్లో తేదీలు చూసుకుని పోవాలి. అందుకే మన ట్రిప్ దీపావళి సెలవుల్లో కాదు, జూన్‌లో పెట్టుకోవాలంటున్నాం. పిల్లల స్కూళ్ల సంగతి మాకూ తెలుసు. అయినా అక్కడిదాకా పోయి తాళం చూసి రావడం కంటే ఇది నయం.

ఆ మిల్లుల్లో పనిచేసిన ఆడవాళ్లు చప్పుడులో మాట వినపడక పెదాలు కదిపి మాట్లాడుకునేవారు. దానికి మీ-మోయింగ్ అని పేరు కూడా ఉంది. మన షెడ్లలో కూడా చెయ్యి చూపిస్తే బీము, వేలు తిప్పితే కండె. అరవై దాటిన మన పెద్దవాళ్లతో ఫోన్‌లో మాట్లాడాలంటే అరవాల్సి వస్తోంది, ఎదురుగా కూర్చుంటే మాత్రం చెప్పకముందే అర్థం చేసుకుంటారు. చెవులు సాంచెకు ఇచ్చి పెదాలు చదవడం నేర్చారు. అలాంటి ఇద్దరు బర్న్‌లీవాళ్లను, ఇద్దరు కామత్‌ఘర్‌వాళ్లను ఎదురెదురుగా కూర్చోబెడితే భాష రాకపోయినా కబుర్లు నడుస్తాయని మా నమ్మకం.

ఇక్కడే ఇంకో మాట. ఇప్పటిదాకా పేర్లు ఇచ్చినవాళ్లు పదకొండు మంది, అందరూ మగవాళ్లే. ఇంట్లో కండెలు చుట్టింది ఎవరు? లాంకషైర్ సాంచెల మీద నేసినవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే. మన వదినలు, అక్కలు లేకుండా ఆ షెడ్డు చూడబోవడం మాకైతే సిగ్గుగా ఉంది.

బర్న్‌లీకి దగ్గర్లోనే డార్వెన్. విదేశీ బట్ట బహిష్కరణ వల్ల లాంకషైర్‌లో పని పోయిందని గోల లేచిన రోజుల్లో, 1931 సెప్టెంబరులో గాంధీగారు అక్కడికే వెళ్లారు. రాళ్లు పడతాయేమో అనుకుంటే, మిల్లు ఆడపిల్లలు చుట్టూ చేరి జేజేలు కొట్టిన ఫోటో మీరంతా చూసే ఉంటారు. మీ కష్టం చూస్తే బాధగా ఉంది, కానీ మా పల్లెల ఆకలి ముందు ఇది చిన్నది అని ఆయన వాళ్ల ముందే చెప్పారు. వాళ్లు విన్నారు.

బెల్జియంలో గెంట్ ఊరి కథ సరదాగా ఉంటుంది. అప్పట్లో ఇంగ్లండు నుంచి బట్టల యంత్రాలు బయటికి పంపడం నేరం, ఆ నిషేధం 1843 దాకా ఉంది. లీవెన్ బావెన్స్ అనే గెంట్ వ్యాపారి 1800 ప్రాంతంలో నూలు వడికే మ్యూల్ యంత్రాన్ని ముక్కలు ముక్కలుగా దొంగతనంగా దాటించాడు. ఇంగ్లండులో ఆయనకు మరణశిక్ష వేశారు, గెంట్‌లో విగ్రహం పెట్టారు. ఆ పాత యంత్రం అక్కడి ఇండస్ట్రీ మ్యూజియంలో ఉంది, ఆ మ్యూజియం కూడా పాత నూలు మిల్లే.

చివరికి లియోన్. ఫ్రాన్స్ అంటే ఈఫిల్ టవర్ అనుకునేవాళ్లకు ఒక సాయంత్రం ప్యారిస్ ఇస్తాం, కానీ మూడు రాత్రులు లియోన్‌లోనే. జకార్డు అట్టలు కట్టని పద్మశాలి ఇల్లు ఉందా? ఆ జకార్డు ఒక మనిషి పేరు. జోసెఫ్ మరీ జకార్డ్, లియోన్‌లో 1752లో పుట్టాడు, 1804 ప్రాంతంలో ఆ యంత్రం చేశాడు. ఆయన విగ్రహం క్రువా రూస్ అనే నేతగాళ్ల గుట్ట మీద ఉంది. జకార్డు ఎత్తు పట్టడం కోసమే ఆ గుట్ట మీది ఇళ్లకు పైకప్పు చాలా ఎత్తుగా పెట్టారు. ఇళ్ల మధ్యలోంచి సందులు, పట్టు తాన్లు వానకు తడవకుండా మోసుకుపోవడానికి పనికొచ్చేవి.

ఆ గుట్ట మీది నేతగాళ్లను కనూ అనేవారు. వాళ్ల బతుకు వినండి. ఇంట్లో రెండో నాలుగో మగ్గాలు, మగ్గం తనది, అద్దె తనది. పట్టు ఇచ్చేది సేటు, బట్ట తీసుకునేది సేటు, మజూరీ ఎంతో చెప్పేదీ సేటే. ఇది 1831 నాటి లియోనా, ఈనాటి కామత్‌ఘరా? అక్కడ కరెంటు బిల్లు ఒక్కటే తక్కువ. మజూరీ పడిపోతుంటే నేతగాళ్లు ఇంత తాన్‌కు ఇంత అని కనీస రేటు అడిగారు. 1831 అక్టోబరులో జిల్లా అధికారి రెండు వైపులా కూర్చోబెట్టి రేటు కుదిర్చాడు. కొందరు సేట్లు మేం ఇవ్వం, వ్యాపారంలో సర్కారు జోక్యం ఏంటి అన్నారు. నవంబరు 21న నేతగాళ్లు నల్లజెండా పట్టుకుని గుట్ట దిగారు. పని చేసుకుని బతుకుతాం, లేదంటే కొట్లాడి చస్తాం అని ఆ జెండా మాట. ఊరు కొన్ని రోజులు వాళ్ల చేతిలో ఉంది. లూటీ చేయలేదు, కాపలా కాశారు. డిసెంబరులో ఇరవై వేల సైన్యం వచ్చింది, కుదిరిన రేటు రద్దయింది. 1834 ఏప్రిల్‌లో మళ్లీ లేచారు, ఈసారి వందల మంది చనిపోయారు.

వాళ్లు సొంతంగా ఒక వారపత్రిక కూడా నడిపారు, 1831లోనే మొదలుపెట్టారు. ఎవరు ఏ మజూరీ ఎగ్గొట్టారో అందులో వేసేవారు. మన గ్రూపులో గుడ్ మార్నింగ్ పూల బొమ్మలు పెట్టేవాళ్లు ఈ వాక్యం ఇంకోసారి చదవాలి.

ఇప్పుడు లెక్కలు. మాంచెస్టర్‌లో 3 రాత్రులు, లండన్ 1, గెంట్ 2, లియోన్ 3, ప్యారిస్ 1. లండన్ నుంచి సముద్రం కిందుగా పోయే రైలులో బ్రస్సెల్స్, అక్కడి నుంచి అరగంటలో గెంట్. వీసాలు రెండు కావాలి, ఇది చాలామందికి తెలియదు. బెల్జియం, ఫ్రాన్స్‌లకు ఒకే షెంగెన్ వీసా. లక్సెంబర్గ్‌లో షెంగెన్ అనే పల్లె దగ్గర 1985లో ఐదు దేశాలు సంతకం పెట్టాయి, ఇప్పుడు 29 దేశాలు అందులో ఉన్నాయి. ఇంగ్లండు అందులో లేదు, దానికి వేరే వీసా. షెంగెన్‌లో ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే అర్జీ పెట్టాలి, మనకు ఫ్రాన్స్. పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్సు తప్పనిసరి. ఆరు నెలల ముందు నుంచి అర్జీ పెట్టుకోవచ్చు. ఏజెంటుకు అడ్వాన్సు ఇచ్చే ముందు మాతో ఒక మాట చెప్పండి, పోయినసారి కేదార్‌నాథ్ ట్రిప్‌కు ఒకాయన దగ్గర మనం కట్టిన డబ్బు ఎంత తిరిగొచ్చిందో అందరికీ తెలుసు.

ఇంత ఖర్చు ఎందుకు, ఆ డబ్బుతో సాంచె రిపేరు చేయించుకోవచ్చు కదా అని అడిగినవాళ్లు ఉన్నారు. న్యాయమైన ప్రశ్న. జవాబు కొంత ఈ కింది సంగతిలో ఉంది. ఇంగ్లండులో 1959లో ఒక చట్టం చేసి, సాంచె పగలగొట్టి తుక్కు చేసినవాడికి సర్కారే డబ్బులిచ్చింది. మన దగ్గర ఆ చట్టం కూడా లేదు, భంగార్‌వాడు కిలోల లెక్కన తూచి తీసుకుపోతున్నాడు. మన గల్లీలో ఒక అన్న వచ్చే నెల ఎనిమిది నాడె సాంచెలు తీసేస్తున్నాడు. ఆయనను తప్పు పట్టడం లేదు, ఆ స్థలం అద్దెకిస్తే నెలకు వచ్చేది సాంచె ఇవ్వడం లేదు. ఎనిమిదింట్లో ఒక్కటి మాత్రం మాకు ఇవ్వమని అడిగాం. భంగార్ ధర మేమే ఇస్తామన్నాం. సంఘం హాలులో మెట్ల కింద జాగా ఉంది, కొలిచాం, పడుతుంది. మోటారుతో సహా ఇస్తానని ఆయన ఒప్పుకున్నాడు, డబ్బులు వద్దన్నాడు.

వచ్చే ఆదివారం సాయంత్రం ఐదింటికి హాలులో కలుద్దాం. వచ్చేవాళ్లు పాస్‌పోర్టు తెచ్చుకోండి. యూరప్ నుంచి తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీ ఉండాలి. సాంచె దింపడానికి నలుగురు కుర్రాళ్లు కూడా కావాలి.