బహుభాషల శోకగీతము

మొహర్రము దినములలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల పల్లెలలో రాత్రివేళ పీరీల కొట్టము ముందు నిలిచి చూచినవారికి ఒక విశేషము తోచును. గుండములో నిప్పు మండుచుండును. దాని చుట్టు అడుగు కలిపి తిరుగువారిలో హిందువులును ఉందురు, ముస్లిములును ఉందురు. డప్పు మన డప్పే. పాటయు తెలుగు పాటయే. ఆ పాటలోని మృతవీరుడు మాత్రము అరబ్బు దేశమువాడు. క్రీ.శ. 680లో ఇరాకులోని కర్బలా మైదానమున, గ్రుక్కెడు నీరు దొరకక, తనవారితో గూడ నేలకొరిగిన ఇమాము హుస్సేను. దాదాపు పదునాలుగు వందల ఏండ్ల క్రిందట పరదేశమున జరిగిన ఆ మరణమునకు మన రైతులు, నేతగాండ్రు తమ భాషలో దుఃఖింతురు. ఆ దాహమును తలచి దారిన పోవువారికి షర్బత్తు పంచుదురు.

మృతులకై పాడు మహాగీతమునకు పాశ్చాత్య సంగీతమున రెక్వియెమ్ అని పేరు. లాటిన్ భాషలో ఆ పదమునకు విశ్రాంతి అని అర్థము. రోమన్ కాథలిక్ చర్చిలో మృతుల ఆత్మశాంతికై జరుపు ఆరాధనలో మొదటి మాట అదియే. చిరకాలము ఆ ప్రార్థన లాటిన్‌లోనే సాగెను. 1791లో మొజార్టు మరణించునాటికి అసంపూర్ణముగా మిగిలిన రెక్వియెమ్ కూడ లాటిన్ రచనయే.

ఈ కట్టుబాటు క్రమముగా సడలెను. జర్మన్ స్వరకర్త బ్రాహ్మ్స్ లాటిన్ ప్రార్థనను విడిచి, లూథరు అనువదించిన బైబిలు నుండి తానే వాక్యములు ఏరుకొని రెక్వియెమ్ రచించెను. 1868లో అది బ్రేమెన్ నగరమున వినిపింపబడెను. చనిపోయినవారికంటె, వారిని పోగొట్టుకొని మిగిలినవారిని ఓదార్చుటయే అతని ముఖ్యోద్దేశము. శోకము సొంత భాషలో పలికినప్పుడే గుండెకు తాకునని అతని రచన చెప్పక చెప్పినది.

1940 నవంబరు 14వ తేదీ రాత్రి జర్మన్ బాంబులకు ఇంగ్లండులోని కావెంట్రీ ప్రధాన దేవాలయము కూలెను. దాని ప్రక్కనే కట్టిన క్రొత్త ఆలయమున 1962 మే 30న బెంజమిన్ బ్రిటన్ రచించిన వార్ రెక్వియెమ్ తొలిసారి వినబడెను. లాటిన్ ప్రార్థనల నడుమ ఆయన విల్‌ఫ్రెడ్ ఓవెన్ కవితలను కూర్చెను. ఆ యువకవి మొదటి ప్రపంచయుద్ధము ముగియుటకు సరిగా వారము రోజుల ముందు రణరంగమున మరణించినవాడు. యుద్ధమున నలిగిన మూడు జాతులకు గుర్తుగా ఒక రష్యన్ గాయని, ఒక ఆంగ్ల గాయకుడు, ఒక జర్మన్ గాయకుడు కలిసి పాడవలెనని బ్రిటన్ సంకల్పము. సోవియట్ ప్రభుత్వము గాయని విష్నెవ్‌స్కాయాకు అనుమతి నీయలేదు. ఆమె స్థానమున హెదర్ హార్పర్ పాడెను. శోకమునకు హద్దులు లేవని చెప్పదలచిన పాటకే దేశపు సరిహద్దు అడ్డు వచ్చినది. మరుసటి సంవత్సరము వెలువడిన రికార్డులో మాత్రము ముగ్గురి కంఠములును కలిసినవి.

ఇరువదవ శతాబ్ది ముగియునాటికి ఈ ద్వారము మరింత తెరచుకొనెను. అమెరికన్ స్వరకర్త ఫిలిప్ గ్లాస్ తన అయిదవ సింఫనీని ఏకగాయకులకు, బృందగానమునకు, మహావాద్యబృందమునకు పండ్రెండు భాగములుగా రచించెను. 1999లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గు ఉత్సవమున అది మొదటిసారి వినబడెను. వియన్నా రేడియో వాద్యబృందము దానిని వాయించినదని చెప్పుట మా వృత్తివారికి సంతోషకరము. దాని ఉపశీర్షికలో క్రైస్తవుల రెక్వియెమ్‌తో పాటు, మరణమునకు పునర్జన్మకు నడుమ దశను తెలుపు టిబెట్ బౌద్ధుల బార్దో, నిర్మాణకాయము అను పదములును ఉన్నవి. సృష్టికి పూర్వస్థితిని చెప్పు మొదటి భాగమున ఋగ్వేద సూక్తము వినవచ్చును. చివరి భాగమున శాంతిదేవుని బోధిచర్యావతారము పలుకును. నడుమ బైబిలు, ఖురాను మొదలగు అనేక గ్రంథముల వాక్కులున్నవి. అయితే అన్నియు ఆంగ్లానువాదములే. అర్థము ఒక్కచోట చేరినది గాని, ఆ భాషల నాదము వెనుకనే నిలిచిపోయినది.

వేల్సు దేశీయుడు కార్ల్ జెంకిన్స్ వేరొక మార్గము త్రొక్కెను. ఆయన రచించిన ‘ది ఆర్మ్‌డ్ మాన్’ 2000 ఏప్రిల్‌లో లండనులోని రాయల్ ఆల్బర్టు హాలులో మొదటిసారి ప్రదర్శింపబడెను. కొసొవో యుద్ధబాధితులకు అది అంకితము. శాంతికొరకైన ఆరాధనాగీతమని దానికి పేరు. లక్షణమును బట్టి రెక్వియెమ్ కాకపోయినను, అందు మృతులను తలచుటయే ప్రధానము. దానిలో నమాజునకు పిలుచు బాంగు అరబ్బీలోనే వినబడును. హిరోషిమా బాంబుదాడిని స్వయముగా అనుభవించిన కవి తోగె సాంకిచి కవిత వెనుకనే మహాభారతము నుండి ఖాండవదహన ఘట్టము వచ్చును.

మనము నన్నయ ఆదిపర్వమున ఖాండవదహనమును కృష్ణార్జునుల పరాక్రమముగా, అగ్నిదేవుని ఆకలి తీర్చిన వృత్తాంతముగా చదువుకొంటిమి. జెంకిన్స్ చెవి మాత్రము ఆ అడవిలో దారి దొరకక కాలిపోయిన మృగముల ఆక్రందనపై నిలిచినది. హిరోషిమా ప్రక్కన నిలిపి చూచునప్పుడు మన కావ్యమే మనల నొక ప్రశ్న అడుగును: ఆ కేకలు ఇంతకాలము మనకేల వినబడలేదు? పరుల శోకగీతమున చేరి మన గ్రంథము మనకే క్రొత్త అర్థము తెచ్చినది.

భాషలు కలియుట కరీంనగర సీమకు క్రొత్త గాదు. గంగాధర సమీపమున కుర్క్యాల వద్ద బొమ్మలగుట్టపై, పంపకవి సోదరుడు జినవల్లభుడు పదవ శతాబ్దిలో వ్రాయించిన శాసనమున సంస్కృతము, కన్నడము, తెలుగు ఒకే శిలపై నిలిచినవి. గోలకొండ ప్రభువు మహమ్మదు కులీ కుతుబ్‌షా దక్కనీ భాషలో కర్బలా మరణములపై మర్సియాలు రచించెను. పల్లెలలోని పీరీల పాటలను వ్రాసినవారి పేర్లు మాత్రము ఎవరును చెక్కలేదు.

ఆ పాటలలోని దుఃఖము నేడు ఈ ఊళ్లకు పరాయిది గాదు. సిరిసిల్ల నేతగాండ్రు పూర్వము మగ్గము వెదకుకొని షోలాపురము, భివండి, బొంబాయి పోయిరి. తరువాతి తరములవారు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుండి దుబాయి, మస్కటు, బహ్రెయిన్, సౌదీ దేశములకు పోయిరి. అక్కడ కన్నుమూసినవాని కడసారి చూపునకై ఇల్లాలు దినములకొలది ఎదురుచూచును. శంషాబాదు విమానాశ్రయము నుండి పెట్టె వచ్చిన పిదపనే ఇంట ఏడుపు పూర్తియగును. అస్థికలు ధర్మపురి గోదావరిలో కలియును. అచ్చట ఎడారిలో ఆ శవము చెంత మొదట నిలిచి కంట తడిపెట్టినవాడు కేరళీయుడో, బంగ్లాదేశీయుడో, పాకిస్తానీయుడో కావచ్చును. అతని ప్రార్థన ఏ భాషలో సాగినదో ఇల్లాలికి తెలియదు. అయినను అది ఆమె భర్తకై చేసిన ప్రార్థనయే.

పరుల మృతికి పాడుట ఉదారుల వినోదము గాదు. మనవారు పరదేశమున మరణించినపుడు వారికై ఎవరో ఒకరు పాడుదురను నమ్మకమే దాని మూలము. పలుమతముల గ్రంథములను ఒక్కచోట కుట్టినంత మాత్రమున అట్టి గీతము పుట్టదు. ఎదుటివాని దుఃఖము మన నాలుకపై మన మాటయై పలుకవలెను. సాల్జ్‌బర్గులో, లండనులో పెద్ద వాద్యబృందములు వెదకినది దీనినే. మన పీరీల గుండము చుట్టు తిరుగువారు ఏటేట దానిని డప్పు దెబ్బపై పాడుచునే యున్నారు.