రక్తపోటు వారసత్వం: తోక తెగిన ఛానల్ చెప్పిన సంగతి

డాక్టరు ముందు కూర్చుని ‘మా ఇంట్లో అందరికీ బీపీ ఉందండీ’ అంటాం. ఆ ఒక్క మాటలో ఇంటి ఉప్పుడబ్బా, ఇంటి రక్తమూ కలిసిపోయి ఉంటాయి. రక్తం వాటా ఎలా సంక్రమిస్తుందన్న దానిమీద 1940ల చివరి నుంచి బ్రిటన్‌లో రాబర్ట్ ప్లాట్, జార్జ్ పికరింగ్ అనే ఇద్దరు వైద్యులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. అధిక రక్తపోటు ఒకే జన్యువు తెచ్చే ప్రత్యేకమైన జబ్బని ప్లాట్ పట్టు. మనుషుల ఎత్తులాగే రక్తపోటు కూడా తెంపు లేకుండా మారుతూ పోతుందనీ, జబ్బనే గీత మనం గీసుకున్నదేననీ పికరింగ్ మాట. పికరింగే నెగ్గాడని పుస్తకాలు చెబుతాయి. నాకది సగం తీర్పుగానే తోస్తుంది.

1963లో అమెరికన్ వైద్యుడు గ్రాంట్ లిడిల్ ఒక కుటుంబం గురించి రాశాడు. పదహారేళ్ల అమ్మాయికి తీవ్రమైన రక్తపోటు, రక్తంలో పొటాషియం తక్కువ. ఆల్డోస్టెరోన్ హార్మోను పెరిగితే కనిపించే లక్షణాలివి. ఆమెలో ఆ హార్మోనే దాదాపు లేదు! దాన్ని అడ్డుకునే స్పైరనోలాక్టోన్ పనిచేయలేదు, ఆ హార్మోనుతో నిమిత్తం లేకుండా మూత్రపిండం మీదే పనిచేసే ట్రయామ్టెరీన్ పనిచేసింది. తప్పు మూత్రపిండంలోనే ఉందని లిడిల్ అనుమానించాడు. చాలా ఏళ్ల తర్వాత ఆమెకు మూత్రపిండ మార్పిడి జరిగాక రక్తపోటు దారికొచ్చింది. 1994లో రిచర్డ్ లిఫ్టన్ బృందం ఒకే జన్యువులో ఉన్న అసలు లోపాన్ని పట్టుకుంది. మూత్రంలోకి పోబోయే సోడియాన్ని వెనక్కి లాగే ఛానల్‌లో బీటా భాగం తోక తెగిపోయింది. పని ముగిసిన ఛానళ్లను కణం లోపలికి లాగించే ప్రోటీన్‌కు పట్టు దొరికేది ఆ తోక దగ్గరే. తోక లేకపోవడంతో ఛానళ్లు కణం పైపొర మీదే పేరుకుపోయి ఉప్పును లాగుతూనే ఉంటాయి, రక్తపోటు పెరుగుతుంది.

ఇలాంటి కుటుంబాలు బహు అరుదు. మిగతా మనందరి సంగతి పికరింగ్ చెప్పినట్టే ఉంది. పది లక్షలకు పైగా మనుషులను పరిశీలించిన 2018 నాటి అధ్యయనంతో రక్తపోటుతో ముడిపడిన జన్యుస్థానాలు 901కి చేరాయి. వాటిలో చాలావాటి ప్రభావం విడిగా చూస్తే ఒక మిల్లీమీటరు పాదరసం కూడా ఉండదు. కొన్ని మూత్రపిండం వైపు చూపిస్తే, ఎన్నో రక్తనాళాల గోడల వైపు చూపిస్తాయి. ఆ అధ్యయనంలో పాల్గొన్నవారు ఐరోపా మూలాలవారు కాబట్టి, ఈ చిన్న ప్రభావాలను కూడి అక్కడ లెక్కగట్టిన జన్యు స్కోరును తెచ్చి తెలుగువారికి యథాతథంగా అంటగట్టలేం.

అయినా ప్లాట్ పూర్తిగా ఓడిపోలేదనడానికి అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ గుండె అధ్యయనంలో పాల్గొన్నవారిపై 2008లో వెలువడిన పరిశోధన ఉంది. మూత్రపిండం ఉప్పును నిలుపుకోవడానికి వాడే ఒక జన్యువు రెండు ప్రతులూ చెడితే గిటెల్‌మన్ జబ్బు వస్తుంది, ఒంట్లో ఉప్పు నిలవదు. ఒక్క ప్రతే చెడినవారు ఆరోగ్యంగానే తిరుగుతుంటారు. ఆ జన్యువుతో పాటు అదే పనికి చెందిన మరో రెండు జన్యువుల్లోనూ ఒక్క ప్రతి దెబ్బతిన్నవారిని గుర్తించి చూస్తే, వాళ్ల రక్తపోటు తోటివారి కంటే తక్కువగా ఉంది; అంటే ఆరోగ్యవంతుల్లోనూ ఒకే జన్యువు రక్తపోటును కదిలించగలదన్నమాట. గిటెల్‌మన్ జబ్బులో చెడేది సోడియం, క్లోరైడ్‌లను కలిపి మోసే ప్రోటీన్. బీపీకి ఇంటింటా వాడే హైడ్రోక్లోరోథయజైడ్ మాత్ర అడ్డుకునేదీ ఆ ప్రోటీన్‌నే.