రెండేళ్ల చదువు, సగం జీతం: అమెరికా వెట్ టెక్ కథ

అమెరికాలో కుక్కనో పిల్లినో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినవాళ్లకి ఈ మనిషి తెలిసే ఉంటుంది. డాక్టరుగారు వచ్చి ఐదు నిమిషాలుండి వెళ్లిపోతారు. రక్తం తీసేది, ఎక్స్‌రే తీసేది, పళ్లు శుభ్రం చేసేది, ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ మత్తు ఎలా ఉందో కనిపెట్టుకుని కూర్చునేది వెటర్నరీ టెక్నీషియన్. ముద్దుగా వెట్ టెక్. బయటికొచ్చి బిల్లు చూశాక, వీళ్లకి బాగానే ముడుతుందిలే అనుకుంటాం.

అబ్బే, అదేం లేదు. 2023 మే నాటి కార్మిక శాఖ లెక్కల్లో వీళ్ల మధ్యస్థ జీతం ఏడాదికి 43,740 డాలర్లు, అంటే గంటకి 21. డాక్టరుకి 1,19,100. సరే, డాక్టరుది ఎనిమిదేళ్ల చదువు, ఆ పోలిక న్యాయం కాదు. నర్సుతో పోల్చి చూడండి. రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ, ఆపైన ఒక జాతీయ పరీక్ష. దారి దాదాపు ఒకటే. కానీ అదే ఏడాది రిజిస్టర్డ్ నర్సు మధ్యస్థ జీతం 86,070. నర్సుల్లో నాలుగేళ్ల డిగ్రీవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి కొంత తగ్గించుకోండి. అయినా తేడా పెద్దదే. ఎందుకిలా అంటే కథ మొదటినుంచీ చూడాలి.

మొదలైంది డెల్హీలో. మన ఢిల్లీ కాదండోయ్, న్యూయార్కు రాష్ట్రంలో అదే స్పెల్లింగుతో ఒక చిన్న ఊరు. వాళ్లు 'డెల్‌హై' అని పలుకుతారు. అక్కడి ప్రభుత్వ కాలేజీలో 1961లో పశువైద్య సహాయకుల కోసం మొదటి కోర్సు పెట్టారు. అప్పటిదాకా ఈ పని క్లినిక్కులో ఉన్నవాళ్లే చూసి నేర్చుకునేవాళ్లు. చాలాచోట్ల డాక్టరుగారి భార్యే అన్నీ చూసుకునేది. 1965లో వాల్టర్ కాలిన్స్ అనే పశువైద్యుడు ఫెడరల్ నిధులతో ఒక నమూనా సిలబస్ తయారు చెయ్యడం మొదలుపెట్టాడు. ఏడేళ్ల పాటు ఆ పని మీదే ఉన్నాడు. 1973లో పశువైద్యుల సంఘం మొదటిసారిగా రెండు కాలేజీల కోర్సులకి గుర్తింపు ఇచ్చింది, ఒకటి మిచిగన్‌లో, ఇంకొకటి నెబ్రాస్కాలో.

గమనించారా, గుర్తింపు ఇచ్చేది ఎవరో? ఈ టెక్నీషియన్లకి జీతం ఇచ్చే డాక్టర్ల సంఘమే. చెడుద్దేశంతో చేశారని నేను అనను, చదువు నాణ్యత పెరిగింది కూడా. కానీ పేరు దగ్గర మాత్రం బిగించి పట్టుకున్నారు. 'వెటర్నరీ' అనే మాట డాక్టర్లది, ఇంకెవరూ తగిలించుకోకూడదన్నారు. దాంతో వీళ్లు 1989 దాకా 'యానిమల్ టెక్నీషియన్లు'గానే ఉండాల్సొచ్చింది. తమాషా ఏంటంటే, ఇంగ్లండులో కూడా అదే 1961లో ఇలాంటి శిక్షణే మొదలైంది. అక్కడ అడ్డొచ్చింది రెండో మాట. 'నర్సు' అనేది మనుషుల నర్సులకి చట్టం రాసిచ్చిన పేరు కాబట్టి వీళ్లని 'యానిమల్ నర్సింగ్ ఆగ్జిలరీ' అన్నారు. 1984లో గానీ 'వెటర్నరీ నర్సు' కాలేకపోయారు. ఒక దేశంలో ముందు సగం ఇవ్వలేదు, ఇంకో దేశంలో వెనక సగం :)

అమెరికాలో టెక్నీషియన్ల సంఘం 2017 ప్రాంతంలో 'వెటర్నరీ నర్సు' పేరు కోసం గట్టిగానే ప్రయత్నించింది. మనుషుల నర్సుల సంఘాలు అడ్డం తిరిగాయి.

పేరులో ఏముంది అంటారా? జీతం ఉంది. కాకపోతే పేరొక్కటే సరిపోదు. నర్సు చెయ్యాల్సిన పని లైసెన్సు లేనివాళ్లు చేస్తే ఆసుపత్రి మీద కేసు పడుతుంది. వెట్ టెక్ విషయంలో చాలా రాష్ట్రాలు పేరుని కాపాడాయి గానీ, పనిని కాపాడలేదు. రెండేళ్లు చదివి పరీక్ష రాసినావిడా, నిన్నగాక మొన్న చేరి పని నేర్చుకుంటున్న కుర్రాడూ ఒకే క్లినిక్కులో చాలావరకు ఒకే పని చెయ్యొచ్చు. మన భాషలో చెప్పాలంటే టైటిల్‌కి పాస్‌వర్డ్ పెట్టారు, సర్వర్ మాత్రం తెరిచే ఉంచారు. అలాంటప్పుడు చదివినావిడకి రెట్టింపు ఇవ్వాల్సిన అవసరం యజమానికి ఎందుకుంటుంది?

పోనీ వీళ్లవల్ల క్లినిక్కుకి లాభం లేదా అంటే ఉంది. 2007 లెక్కల మీద చేసి, 2010లో పశువైద్యుల సంఘం పత్రికలోనే వేసిన ఒక అధ్యయనం ఉంది. ఒక్కో డాక్టరుకి అర్హత ఉన్న టెక్నీషియన్ ఒకరు ఎక్కువుంటే, ఏడాదికి ఆ డాక్టరు తెచ్చే స్థూల ఆదాయం సుమారు 93,311 డాలర్లు ఎక్కువ కనబడింది. అందులో ఖర్చులూ ఉంటాయి, అంతా లాభం కాదు. అయినా 2010లో 29,710 ఉన్న టెక్నీషియన్ జీతం 2023కి 43,740 అయింది. ఈ మధ్యలో ధరలు దాదాపు 40 శాతం పెరిగాయి. అది తీసేస్తే పదమూడేళ్లలో నికరంగా పెరిగింది ఓ 5 శాతం.

ఇక చదువు ఖర్చు. 2023-24లో స్థానికులకి ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీ సగటు ఫీజు ఏడాదికి 3,990 డాలర్లు. రెండేళ్లకి ఎనిమిది వేలు, ఇబ్బంది లేదు. అసలు ఇబ్బంది ప్రైవేటు కాలేజీలతో. అక్కడ ఎంతదాకా అప్పు చెయ్యొచ్చో చూద్దాం. అమెరికా విద్యాశాఖ 2023లో పెట్టిన ఒక కొలబద్ద ఉంది: వాయిదాలు ఏడాది సంపాదనలో 8 శాతం దాటకూడదు. (రెండో కొలత కూడా ఉంది, దాన్ని వదిలేద్దాం.) కొత్తగా చేరినవాళ్లకి గంటకి 15 డాలర్లు అనుకుంటే ఏడాదికి 31,200. అందులో 8 శాతం అంటే నెలకి 208. వడ్డీ 5.5 శాతం, పదేళ్ల గడువు వేసుకుంటే ఆ వాయిదాకి వచ్చే అప్పు సుమారు 19 వేల డాలర్లు. ఫీజూ, తిండీ, అద్దే అన్నీ కలిపి అంతే. అంతకు మించితే కుక్కల మీద ప్రేమ ఎంతున్నా లెక్క తేలదు. ఈ ప్రేమ ఉందని యజమానులకి తెలియడం కూడా జీతం పెరగకపోవడానికి ఒక కారణమని నా అనుమానం.

తిరుపతిలోనో రాజేంద్రనగర్‌లోనో బీవీఎస్సీ చేసి అమెరికా వచ్చినవాళ్లు ఈ లెక్క ఇంకో వైపు నుంచి చూస్తారు. అక్కడ డాక్టరుగా లైసెన్సు రావాలంటే విదేశీ పట్టభద్రుల పరీక్షలన్నీ దాటాలి, దానికి ఏళ్లు పడుతుంది. ఆలోగా క్లినిక్కులో సహాయకులుగా చేరేవాళ్లున్నారు. పశువులకి ఆపరేషన్లు చేసిన చేతులతో పంజరాలు కడగడం వాళ్లకి ఎలా ఉంటుందో వాళ్లనే అడగాలి.

2024లో కొలరాడోలో రెండు సంగతులు జరిగాయి. టెక్నీషియన్లు ఏయే పనులు చెయ్యొచ్చో ఒక చట్టంలో రాశారు. నవంబరులో ఓటర్లు 129వ ప్రతిపాదనని గెలిపించి, డాక్టరుకీ టెక్నీషియన్‌కీ మధ్య కొత్త మెట్టు ఒకటి కట్టారు. దానికి మాస్టర్స్ డిగ్రీ కావాలి. పశువైద్యుల సంఘం వద్దంది. రెండేళ్ల డిగ్రీతో ఇరవై ఏళ్లు మత్తు మందు దగ్గర కూర్చున్న టెక్నీషియన్ ఆ మెట్టు ఎక్కాలంటే మళ్లీ కాలేజీకి వెళ్లి, మళ్లీ అప్పు చెయ్యాలి.