వయోవృద్ధులకు మధుమేహ నివారణ : దూరవైద్య సేవల పాత్ర

గోదావరి, ప్రాణహిత నదుల సంగమ క్షేత్రమైన కాళేశ్వరం జయశంకర్ భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ మండలంలో, మహారాష్ట్ర సరిహద్దున ఉన్నది. ఇక్కడి నుంచి వరంగల్‌లోని ఎం.జి.ఎం. ఆసుపత్రికి చేరాలంటే వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. మహబూబాబాద్‌లో 2022లోను, జనగామ, భూపాలపల్లిలలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభం కావడంతో వ్యాధిగ్రస్తులకు కొంత వెసులుబాటు కలిగింది. అయితే వ్యాధి ఇంకా రాక, వచ్చే సూచనలు మాత్రమే ఉన్న అరవై ఏళ్లు దాటిన రైతు గాని, ఇల్లాలు గాని ఏ బాధా లేకుండా బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లడం అరుదు. వీరి విషయంలో నివారణ సేవలే గ్రామానికి చేరవలసి ఉంటుంది.

భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో జరిగి, 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహంతోను, 13.6 కోట్ల మంది దాని ముందు దశలోను ఉన్నారు. ఈ ముందు దశను అక్కడే నిలువరించవచ్చునని అమెరికాలో 3,234 మందిపై జరిగి, 2002లో ప్రచురితమైన అధ్యయనం నిరూపించింది. ఆహార నియమాలు పాటించి, వారానికి 150 నిమిషాల వ్యాయామం చేసినవారిలో వ్యాధి సోకడం 58 శాతం తగ్గింది. అరవై దాటినవారిలో ఈ తగ్గుదల 71 శాతం. అంటే వయసు మీరిందన్న కారణంగా వృద్ధులను పక్కన పెట్టడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు.

మన దేశంలో చెన్నైకి చెందిన డాక్టర్ ఎ.రామచంద్రన్ బృందం 2006లో ప్రకటించిన అధ్యయనంలో జీవనశైలి మార్పుల వల్ల 28.5 శాతం తగ్గుదల కనిపించింది. అదే బృందం 537 మంది పురుష ఉద్యోగులకు సెల్‌ఫోన్ సంక్షిప్త సందేశాలు పంపి చూడగా, వ్యాధి బారిన పడినవారు 18 శాతం మాత్రమే. సందేశాలు అందనివారిలో ఇది 27 శాతం. ఈ ఫలితాలు 2013లో వెలువడ్డాయి. ఇవి ఆశాజనకమే గాని, రెండు అధ్యయనాలలోను పాల్గొన్నవారు 35 నుంచి 55 ఏళ్లలోపు వారన్నది అధికారులు గమనించదగిన విషయం. సందేశం చదువుకునే ఉద్యోగికి సరిపడిన పద్ధతి, చూపు మందగించి, ఫోను కొడుకు చేతిలో ఉండే వృద్ధురాలికి సరిపడదు.

దూరవైద్యం తెలుగునాట కొత్తది కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో సంస్థ నెలకొల్పిన కేంద్రాన్ని 2000 మార్చిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైదరాబాద్ నుంచి ప్రారంభించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో 104 ఆరోగ్య సలహా కేంద్రం, ఆ తరువాత నెలకొకసారి నిర్ణీత తేదీన గ్రామానికి వచ్చే 104 వాహనాలు అందుబాటులోకి వచ్చాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి 3 కి.మీ.లకు మించి దూరమున్న గ్రామాలలో రక్తపోటు, మధుమేహ రోగులకు మందులిచ్చిన ఈ వాహనాలను పల్లెల్లో నేటికీ తలచుకుంటారు. 2019 నవంబరులో ఆరంభమైన ఈ-సంజీవని ద్వారా 2023 ఫిబ్రవరి నాటికి దేశవ్యాప్తంగా 10 కోట్ల సంప్రదింపులు జరిగాయి. 2020 మార్చి 25న విడుదలైన దూరవైద్య మార్గదర్శకాలు ఆరోగ్య కార్యకర్త సహాయంతో జరిగే సంప్రదింపులను కూడా అనుమతించాయి.

కాగా సంప్రదింపు వేరు, నివారణ కార్యక్రమం వేరు. మొదటిది రోగికి ఒకసారి జరిగేది. రెండవది రోగి కానివారితో నెలల తరబడి సాగవలసినది. అమెరికా అధ్యయనంలో 24 వారాలలో 16 పాఠాలు బోధించారు. సాంకేతికత ఒక్కటే చాలదనడానికి పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాలలో జరిగిన ప్రయోగం నిదర్శనం. ఆశా కార్యకర్తలు ట్యాబ్లెట్ల సహాయంతో గుండెజబ్బుల ముప్పు ఉన్నవారిని సమర్థంగా గుర్తించినా, రక్తపోటు అదుపులో మాత్రం చెప్పుకోదగిన తేడా రాలేదు.

కాళేశ్వరం వంటి చోట అనుసరించదగిన మార్గం ఇందులోనే కనిపిస్తున్నది. ముప్పై ఏళ్లు దాటినవారి వివరాలను ఆశా కార్యకర్తలు నింపే పత్రంలో 4కు మించి మార్కులు వచ్చిన వృద్ధులను జాబితాగా తయారుచేసి, ఉపకేంద్రంలో నిర్ణీత వారం ఏ.ఎన్.ఎం. సమక్షంలో చిన్న బృందాలుగా తెర ముందు కూర్చోబెట్టవచ్చును. మూడు పూటలా అన్నం తినేచోట ఒక పూట జొన్న రొట్టె గాని, గటక గాని తీసుకోవాలని పోషకాహార నిపుణులు ఇంటి మాటలలో చెబితే వినేవారికి సులువుగా ఎక్కుతుంది. వృద్ధులలో బరువు తగ్గించే సలహా జాగ్రత్తగా ఇవ్వాలి. కండ కూడా కరిగితే నడకలో పట్టు తప్పి పడిపోయే ప్రమాదముంది. మోకాళ్ల నొప్పులున్నవారికి వ్యాయామం ఏదో విడిగా నిర్ణయించాలి.

రక్తపరీక్ష మాత్రం తెర మీద జరిగేది కాదు. పరగడుపున చక్కెర 126 మి.గ్రా., ఆపైన తేలినవారిని నివారణ బృందం నుంచి వేరుచేసి, నిర్ధారణ పరీక్షకు, చికిత్సకు వైద్యాధికారి వద్దకు పంపవలసి ఉంటుంది.